సెలవు లేని తోట

మన బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఇంటికొకరైనా వైట్‌ఫీల్డ్‌లోనో, ఔటర్ రింగు రోడ్డు మీదో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఏదో ఒక కంపెనీ ఆవరణలో పనిచేస్తున్నారు. గేటు దాటగానే కనబడే పచ్చిక, కత్తిరించిన కంచె మొక్కలు, వరసగా నిలబడ్డ పామ్ చెట్లు వాళ్ళందరికీ తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే మొదటి ఫోటో ఆ పచ్చిక ముందు దిగిందే. ఆ తోటలను ఏడాది పొడుగునా చూసుకోవడం నా వృత్తి. బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదువుకుని 1997లో ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పని.

పెళ్ళిళ్ళలోనూ, మన సంఘం ఉగాది వేడుకల్లోనూ ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే చెబుతాను. "ఓహో, గార్డెనింగా! హాయైన పని. నీళ్ళు పోస్తే అవే పెరుగుతాయి గదా" అంటారు. కాదనడానికి భోజనాల పంక్తిలో వ్యవధి ఉండదు. సంపాదకులు ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు గనక ఆ "అవే" అన్న మాట సంగతి ఇక్కడ చెప్పుకుంటాను.

మా తమ్ముడి కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. ఇంటి ముందు గడ్డి కోసే యంత్రాన్ని నవంబరులో గ్యారేజీలో పెట్టి తాళం వేస్తే, మళ్ళీ ఏప్రిల్‌లోనే తీస్తాడట. మంచు కురిసినన్నాళ్ళూ తోటకు సెలవు, తోటవాడికీ సెలవు. మనకు ఆ భాగ్యం లేదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. జనవరి తెల్లవారుజామున చలి వేస్తుంది గానీ, గడ్డిని నిద్రపుచ్చేంత చలి కాదు. పెరుగుదల మందగిస్తుంది తప్ప ఆగదు. వాన మాత్రం ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన, జూన్ నుంచి ముసురు, సెప్టెంబరు అక్టోబరుల్లో కుండపోత, అన్నీ కలిపి ఏడాదికి 900 నుంచి 1000 మిల్లీమీటర్లు. డిసెంబరు నుంచి మార్చి దాకా దాదాపు ఏమీ పడదు. గడ్డి మాత్రం తాగుతూనే ఉంటుంది. మా ఒప్పందం కాగితంలో "సంవత్సరమంతా పచ్చగా ఉంచవలెను" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రాసినవారు ఫిబ్రవరిలో ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని తాకి చూసి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఈ ఊళ్ళో "సంవత్సరమంతా" అనే ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ తోటల్లో పని నేర్చి, బరోడా సంస్థానంలో కొలువు చేసిన క్రుంబిగెల్ దొర 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. బెంగళూరు వీధుల్లో ఏడాదిలో ఏ నెల చూసినా ఏదో ఒక చెట్టు పూసి ఉండాలన్నది ఆయన పట్టుదల. ఒక వీధికి ఒక జాతి, ఒకటి రాలేసరికి ఇంకొకటి పూసేట్టు వరస వేశారు. ఆ పద్ధతి మీద తరువాతివారూ నాటుకుంటూ వచ్చారు కనుకనే జనవరి నుంచి గులాబిరంగు టబెబూయా, ఆ వెంటనే పసుపు టబెబూయా, ఊదారంగు జకరండా, ఏప్రిల్ మేలకు తురాయి, పచ్చ తురాయి, రేల, వానలు వెనకబట్టాక ఆకాశమల్లి. ఆయన 1956లో ఇక్కడే కన్నుమూశాడు. లాల్‌బాగ్ పక్కన ఆయన పేర రోడ్డు ఉంది.

ఇందులో ఒక సంగతి గమనించాలి. క్రుంబిగెల్ ఏడాదంతా రంగు కోరాడు గానీ, దాన్ని చెట్ల చేత చేయించాడు. చెట్టుకు మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళు పోస్తే తరువాత తన తిండి తాను వెతుక్కుంటుంది. మా ఆఫీసు తోటలవారు కోరుకునే ఏడాది పొడుగు పచ్చదనం గడ్డిది. గడ్డికి ఆ వేరు లేదు. బెత్తెడు లోతు దాటని వేరుతో ప్రతిరోజూ చేయి చాపుతుంది. లెక్క చెబుతాను. ఎండాకాలంలో ఇక్కడ నేల మీది నుంచి రోజుకు సుమారు అయిదు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. ఎకరానికి అది 20,000 లీటర్లు. ఎకరం పచ్చిక రోజుకు రెండు పెద్ద ట్యాంకర్లు తాగుతుందన్నమాట.

మొక్కలు ఎక్కడి నుంచి వస్తాయని అడుగుతారు. చాలావరకు మన కడియం నుంచే. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీలు ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్లు నడిచి అర్ధరాత్రి ఇక్కడికి చేరతాయి. పట్టా విప్పగానే గోదావరి ఒండ్రు వాసన ముక్కుకు తగులుతుంది. నాది ఆ పక్క ఊరే గనక ఆ వాసనకు నేను కాస్సేపు పనికిరాకుండా పోతాను. అది వేరే సంగతి. అసలు సంగతి ఏమిటంటే, ఆ మొక్క వేళ్ళ చుట్టూ ఉన్న ముద్ద జిగురు నల్లమట్టి. ఇక్కడి నేల గరుకు ఎర్రమట్టి. ముద్దను అలాగే గోతిలో దించి మట్టి కప్పితే, పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారి ఎర్రమట్టిలోకి ఇంకిపోతాయి. ముద్ద లోపల పొడిగా, రాయిలా బిగుస్తుంది. పైన తడి, లోపల దాహం. నెల తిరిగేసరికి ఆకులు వడలితే "మీ ఆంధ్రా మొక్కలింతే" అంటారు. మొక్క దోషం కాదది. నాటేముందు ముద్దను నీళ్ళలో నానబెట్టి, అంచుల్ని వేళ్ళతో విప్పి, మధ్యలో పశువుల ఎరువూ కొబ్బరిపొట్టూ కలిపిన మట్టి నింపితే వేరు ఒక నేల నుంచి ఇంకొక నేలకు నడుస్తుంది. ఊరు మారి వచ్చిన మనకు ఈ పద్ధతి వివరించి చెప్పనవసరం లేదనుకుంటాను.

ఇక కలుపు. పార్థీనియం అనే మొక్కను మన వైపు వయ్యారిభామ అంటారు, ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు. పేరు ఎంత సొగసైనా పని దుర్మార్గం. ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, పూతకాలంలో ఆయాసం. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి 1950లలో మన దేశంలో పాతుకుంది. దాన్ని తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో మొట్టమొదట బెంగళూరులోనే విడిచారు. వానాకాలంలో ఆ పురుగులు ఆకుల్ని జల్లెడ చేస్తాయి. వాన తగ్గగానే అవి నేలలో దాక్కుంటాయి, వయ్యారిభామ మళ్ళీ తలెత్తుతుంది. కాబట్టి పురుగు పని పురుగుది, మా పని మాది. తుంగ సంగతి చెప్పనే అక్కర్లేదు, పీకినకొద్దీ గడ్డలు కింద నవ్వుకుంటాయి. మెక్సికన్ గడ్డి అని ఇక్కడ అందరూ మోజుపడి పరిచే సన్నని పచ్చికలో తుంగ దిగిందంటే యంత్రంతో తీర్చలేం. కూర్చుని, గడ్డ తగిలేదాకా తవ్వి, చేత్తో తీయవలసిందే. మంచు కరగని పొద్దున్న పచ్చిక మీద వరసగా వంగి కనబడే ఆడవాళ్ళు చేసేది ఆ పనే.

వాళ్ళ గురించి చెప్పాలి. నేను ఎక్కువకాలంగా చూస్తున్న ఒక ఆవరణ వైట్‌ఫీల్డ్ వైపు ఉంది. పేరు అనవసరం. పన్నెండు ఎకరాల్లో నాలుగెకరాలు తోట, అందులో రెండెకరాలు పచ్చిక, మూడు వందల పైచిలుకు చెట్లు. అక్కడ పనిచేసే ఎనిమిదిమంది ఆడవాళ్ళలో ఆరుగురు మడకశిర, హిందూపురం పల్లెల నుంచి వచ్చినవారు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వేరుశనగ పంట వరసగా చేయిచ్చాక వచ్చారు. వాళ్ళ పెద్దదిక్కును అందరం మడకశిరక్క అంటాం. మొదటిరోజు స్ప్రింక్లర్లు తిరుగుతుంటే చూసి ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఈ గడ్డిని యే గొడ్డు మేస్తాది సార్?" ఏదీ మేయదని చెప్పాను. "మల్లెందుకు పెంచుతారు?" అంది. "చూడడానికక్కా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. కొంగు దోపుకుని కలుపు తీయడానికి కూర్చుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల నుంచి వచ్చిన మనిషి ఆమె.

ఆ ఆవరణ పచ్చిక దేని మీద బతుకుతుందో మీకు చెబితే మొహం చిట్లిస్తారేమో. ఉద్యోగులు చేతులు కడిగిన నీరు, మరుగుదొడ్ల నీరు, క్యాంటీన్ గిన్నెల నీరు, అన్నీ ఆవరణలోనే ఉన్న శుద్ధి కేంద్రంలోకి పోతాయి. అక్కడి సూక్ష్మజీవులు మురికిని తింటాయి. తేరిన నీరు తోటకొస్తుంది. పెద్ద కట్టడాలన్నింటికీ ఈ ఏర్పాటు ఉండాలి. ఆఫీసు ఉద్యోగి ఒకరికి రోజుకు 45 లీటర్లని కట్టడాల నియమావళి లెక్క. అయిదువేలమంది పనిచేసే చోట రోజుకు రెండు లక్షల లీటర్ల పైమాట. అందులో అధికభాగం తిరిగొస్తుంది. ఈ నీటికి దాని చిక్కులు దానికున్నాయి. ఉప్పు ఎక్కువ, సబ్బు ఎక్కువ. ఆకుల మీద పడితే అంచులు మాడతాయి. ఏళ్ళ తరబడి పారిస్తే మట్టి పైన పెచ్చు కడుతుంది. అంచేత మేం దాన్ని పైనుంచి చిలకరించకుండా మొదట్లో పారిస్తాం, ఏడాదికోసారి జిప్సం వేస్తాం. మిగతా ఉప్పును సెప్టెంబరు వానలు కడిగేస్తాయి.

ఈ ఏర్పాటులో ఉన్న మెలిక 2020 మార్చిలో బయటపడింది. లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసులు ఖాళీ అయ్యాయి. అయిదువేలమంది ఇళ్ళలో కూర్చుని చేతులు కడుక్కుంటున్నారు, ఆవరణలో కుళాయి తిప్పేవాళ్ళు లేరు. వారం తిరిగేసరికి శుద్ధి కేంద్రంలోకి వచ్చే మురుగే లేదు. తిండి లేక సూక్ష్మజీవులు నశించాయి. ఏప్రిల్ ఎండ. తోటకు నీరు లేదు. జనం లేని ఆవరణలో తోట ఎండిపోవడం నేను అప్పుడే చూశాను. సెక్యూరిటీవాళ్ళతో పాటు ఆవరణలోనే ఉండడానికి అనుమతి తెచ్చుకున్న నలుగురు పనివాళ్ళు పాత బోరులో వచ్చినంత నీరు బక్కెట్లతో చెట్ల పాదులకు మోశారు. పచ్చిక వదిలేశాం. చూసేవాళ్ళు లేరు గనక ఎవరూ అడగలేదు.

2022 సెప్టెంబరులో దీనికి తలకిందులు జరిగింది. ఔటర్ రింగు రోడ్డు పక్కన ఆఫీసులు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి వెళ్ళిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. మురుగు కలిసిన నీరు నిలిచిన పచ్చిక వారానికి కుళ్ళి వాసన కొట్టింది. తీసి పారేసి కొత్తది పరచడం తప్ప గత్యంతరం లేకపోయింది.

చివరకు 2024. ముందు ఏడాది వానలు తప్పాయి. మార్చి మొదట్లో బెంగళూరు జలమండలి తోటలకూ, కార్లు కడగడానికీ, కట్టడాలకూ తాగునీరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మీరితే 5,000 రూపాయల జరిమానా, మళ్ళీ మీరితే రోజుకు 500 అదనం. నగరంలోని 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ ప్రకటించారు. జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధర కట్టింది. అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. కావేరి నీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి కొండెక్కి వచ్చే ఊరిది. అలాంటి ఊళ్ళో జనం బిందెలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే, రోడ్డుకు ఇవతల రెండెకరాల పచ్చిక మెరుస్తూ ఉండడం నాకు చూడబుద్ధి కాలేదు. అది శుద్ధి చేసిన నీరేనని బోర్డు పెట్టినా సరే. పైగా ఉద్యోగులు వారానికి మూడురోజులే వస్తున్నారు. శుద్ధి కేంద్రం నుంచి తోటకు మిగిలేది రోజుకు 30,000 లీటర్లు. పచ్చిక ఒక్కటే 40,000 అడుగుతోంది. చెట్ల మాటేమిటి?

పచ్చిక చనిపోతే రెండు నెలల్లో మళ్ళీ పరచవచ్చు. పాతికేళ్ళ నిద్రగన్నేరు చనిపోతే పాతికేళ్ళు ఆగాలి. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ పచ్చిక కుళాయి కట్టేస్తే చాలునా అంటే, చాలదు. పచ్చికలో పెరిగిన చెట్టు రోజూ పైపైన దొరికే నీటికి అలవాటు పడి, వేళ్ళన్నీ పైనే పరుస్తుంది. పిలవకుండానే భోజనం వచ్చే ఇంట్లో పెరిగిన పిల్లవాడి లాంటిది. ఉన్నట్టుండి నీరు ఆపితే ముందు నష్టపోయేది ఆ చెట్టే. అందుకని కొమ్మల అంచు ఎక్కడిదాకా నీడ వేస్తుందో అక్కడ గుండ్రంగా కాలువ తవ్వి, వారానికోసారి నిండా పోసి, పైన బెత్తెడు మందాన ఎండుటాకు కప్పాం. ఆకుల్ని కాల్చకుండా దాచుకునే అలవాటు మాకు ముందునుంచీ ఉంది. ఆ మార్చిలో అది అక్కరకొచ్చింది. నీరు కిందికి దిగేకొద్దీ వేరూ కిందికి దిగుతుంది. ఏప్రిల్‌లో ఎండ 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా మూడు వందల చెట్లలో పోయినవి నాలుగు. ఎండిన వాటిని తీయాలన్నా 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి కావాలి. ఆ కాగితాలు తిరగడానికి వర్షాకాలం వచ్చేసింది, అది వేరే పురాణం.

పచ్చిక గోధుమరంగుకు తిరిగింది. అప్పుడు ఆవరణ చూసే మేనేజరుగారు పిలిచి, చేతిలో ఒక నమూనా ముక్క పెట్టారు. ప్లాస్టిక్కు గడ్డి. "నీరక్కర్లేదు, కోత అక్కర్లేదు, కలుపు లేదు. ఒక్కసారి ఖర్చు. ఎనిమిదిమంది స్థానంలో ఇద్దరు చాలు కదా?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. పైవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారు, నీళ్ళు లేవు, లెక్క అలా తేలింది. రెండో ప్రత్యామ్నాయం కంకర పరచడం. రెండింటికీ ఎండలో సలసల కాగే గుణం ఒకటుంది. పక్కన చెట్లున్నచోట వాటి వేళ్ళ మీద పెనం బోర్లించినట్టే.

నేను ఈ సంగతి మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్ళకు చెప్పాను. దాచడం న్యాయం కాదనిపించింది. నీళ్ళు తాగే గడ్డి పోవాలని నేనే అన్ని చోట్లా చెబుతున్నవాణ్ణి, ఆ గడ్డితో పాటు పోయేది వీళ్ళ పని. ఈ రెండూ ఒకే మాటలో ఇమడడం లేదు. మడకశిరక్క నమూనా ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి మనుషులెందుకు సార్, వారానికోపారి తడిగుడ్డ పెట్టి తుడిస్తే సాలు" అంది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ మాట్లాడలేదు. కాస్సేపటికి ఆమే అంది. "డిసెంబరాలు పెట్టండి సార్. మా ఊళ్ళో గట్టు మింద యెవురూ నీళ్ళు పొయ్యకుండానే పూస్తాయి. యెండకి కనకాంబరాలూ తట్టుకుంటాయి. ఈ గడ్డిని సూసేదానికంటే పూలని సూడకూడదా?"

ఆ మాట పట్టుకుని రెండు రాత్రులు కూర్చుని లెక్క వేశాను. డిసెంబరాలు, కనకాంబరాలు, బిళ్ళగన్నేరు, వట్టివేరు, నీడ ఉన్నచోట కలబంద, మధ్య మధ్య పొగడ, కానుగ. పాదుకొనేదాకా మొదటి ఏడు నీళ్ళు పోయాలి. ఆ తరువాత పచ్చిక తాగేదాంట్లో మూడోవంతు చాలు. మనుషుల లెక్క ఇంకోలా తేలింది. పచ్చికకు యంత్రం ఒకటి, దాని వెనక మగమనిషి ఒకడు సగం పని చేసేస్తారు. పూలపొదలకు యంత్రం పనికిరాదు. కత్తిరింపు చేత్తో, కలుపు చేత్తో, ఎండుటాకు కప్పడం చేత్తో. ఆవరణలో రాలే ఆకునూ, క్యాంటీన్ కూరగాయల చెత్తనూ బయటికి పంపడానికి కంపెనీ లారీకి డబ్బు కడుతోంది. అదంతా లోపలే ఎరువు చేస్తే ఇద్దరికి ఏడాదంతా పని, కొనే ఎరువు ఖర్చు మిగులు. నీటి ఖర్చు, లారీ ఖర్చు, ఎరువు ఖర్చు కలిపి ఒకవైపు, ఎనిమిదిమంది జీతాలు ఒకవైపు పెట్టి చూపించాను. పైసకు పైస సరిపోలేదు. ప్లాస్టిక్కే కొంచెం చవక. ఆ మాటా కాగితం మీద రాశాను.

మేనేజరుగారు వారం ఆలోచించి, ఒక ఎకరానికి ఒప్పుకున్నారు. ఆయన్ని ఏ అంకె ఒప్పించిందో నేను అడగలేదు. మిగతా ఎకరం ముఖద్వారం దగ్గరిది. విదేశాల నుంచి వచ్చే ఖాతాదారులు ముందు చూసేది అదేనట. దాన్ని ససేమిరా వదలనన్నారు.

2024 జూన్ ముసురులో నాటడం మొదలుపెట్టాం. కడియం నుంచి ఒక లారీ మాత్రమే వచ్చింది. డిసెంబరాల కొమ్మలు మటుకు మడకశిరక్క ఊరికి పోయి వస్తూ గోనెసంచిలో తెచ్చింది. రైల్లో పక్కవాళ్ళు కరివేపాకనుకుని రెండు రెబ్బలు అడిగారట. కొమ్మలు నర్సరీ మొక్కలకన్నా ముందే పాదుకున్నాయి. ఆఫ్రికా నత్తలు వచ్చి లేత చిగుళ్ళు తినేస్తుంటే, సాయంత్రాలు టార్చిలైటు పట్టుకుని ఏరి ఉప్పునీళ్ళ బక్కెట్లో వేశారు. ఓవర్‌టైము ఇప్పించడానికి నేను మూడుసార్లు తిరగవలసి వచ్చింది. ఆ అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమై రోజుకు మరో 77.5 కోట్ల లీటర్ల నీరు నగరానికి ఏర్పాటైంది. ఆ వార్త పేపర్లో చూసిన ఒక ఉద్యోగి నాతో, "ఇక మళ్ళీ లాన్ వేసేయొచ్చు గదండీ" అన్నాడు. మన తెలుగబ్బాయే. నీరొస్తే ముందు ఎవరి కుళాయికి రావాలో అతనికి టీ తాగుతూ కాస్సేపు చెప్పాను. విన్నాడనే అనుకుంటున్నాను.

మొదటి డిసెంబరులో పూత పలచగానే వచ్చింది. రెండో డిసెంబరుకు ఆ ఎకరమంతా ఊదారంగు. పొద్దున్నే ఉద్యోగులు అటునుంచి చుట్టు తిరిగి నడుస్తున్నారు. ఆడవాళ్ళు రాలిపోయే ముందు పూలు కోసి మధ్యాహ్నం కూర్చుని మాలలు కట్టుకుంటారు. సెక్యూరిటీ పెద్ద మొదట "ఆవరణలో పూలు కోయరాదు" అన్న బోర్డు చూపించాడు. కోయకపోతే పొద తరువాతి పూత పలచబడుతుందని నేను చెప్పాను. అది చాలావరకు నిజమే. ఇప్పుడు ఆయన టేబులు మీద వినాయకుడికీ ఒక మూర పెడుతున్నారు.

ఎనిమిదిమందిలో ఏడుగురు ఉన్నారు. ఒకామె కూతురి కాన్పుకని వెళ్ళి తిరిగి రాలేదు, ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ముందరి ఎకరం ఇంకా పచ్చికే. ఇది రాస్తున్న వారంలో తుంగ మళ్ళీ దిగింది, నలుగురు దాని మీద కూర్చుని ఉన్నారు. ఆ ఎకరం మాట మళ్ళీ కదిపితే మేనేజరుగారు సంక్రాంతి పోనివ్వండి చూద్దాం అన్నారు. మడకశిరక్క మాత్రం పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఎందుకైనా మంచిదని రెండు గోనెసంచులు మడిచి పెట్టుకుంది.